పద్దెనిమిది బొట్లు

ఎద్దుల బేరంలో నన్ను మోసం చేసినవాడు మా తాలూకాలో లేడు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదంటే అబద్ధమవుతుంది, గొప్పకే చెబుతున్నాను. కానీ నిజం కూడా అదే. మా పల్లెకు ఇంకా కరెంటు రాని ఆ రోజుల్లో, చుట్టుపక్కల ఎవరు జత కొనాలన్నా ముందు మా ఇంటికొచ్చి, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నన్ను వెంటబెట్టుకొని సంతకు పోయేవారు. నోరు తెరిచి పళ్ళు చూస్తే వయసు చెప్పేవాణ్ణి. ఒంటి మీద సుడి చూసి అది ఇంటికి అచ్చొస్తుందో లేదో చెప్పేవాణ్ణి. నాలుగడుగులు నడిపించి ఏ కాలు ఎప్పుడు బెణికిందో కూడా చెప్పేవాణ్ణి.

బేరమంతా తువ్వాలు కిందే. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకొని, లోపల వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకుంటారు. ఒక్కో వేలూ ఒక్కో వంద. చుట్టూ నిలబడినవాళ్ళకు ముఖాలు తప్ప ఏమీ కనపడదు. అవతలివాడి వేళ్ళు మడిచి ధర దించడంలో నాకు మంచి పేరుండేది.

అలాంటి నేను కారు కొన్నప్పుడు మాత్రం పళ్ళు చూడలేదు.

ఆ ఏడు శెనక్కాయ బాగా పండింది. మా నేల మీద అది ఎప్పుడో ఒకసారి జరిగే పని, జరిగినప్పుడు మనిషికి తల నిలవదు. అదే సమయానికి అనంతపురంలో ఉద్యోగం ముగించుకొని సొంతూరు పోతున్న ఒక ఆఫీసరు తన పాత కారు అమ్ముతున్నాడని తెలిసింది. పోయి సీట్లో కూర్చున్నాను. స్టీరింగు పట్టుకున్నాను. హారను మోగించాను. బేరం అయిపోయింది. తువ్వాలు భుజం మీదనుంచి దిగనేలేదు.

అమ్మకు చెప్పింది వేరు. పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పుతానని, లేపాక్షికి పోయేవాళ్ళను తీసుకుపోతానని, పెట్టిన దుడ్లు ఏడాదిలో తిరిగొస్తాయని చెప్పాను. నాయన పోయినప్పటినుంచి సేద్యమూ ఇల్లూ ఆమె మాట మీదే నడిచేవి. నాకు ముప్పై ఏళ్ళు వచ్చినా ఆ ఇంట్లో నా మాట వినేది ఎద్దులొక్కటే, అవి కూడా ఆమె ఇంట్లో లేనప్పుడు.

ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇది ఏం తింటాదిరా?"

"తినదుమ్మా. పెట్రోలు తాగుతాది. ముందర ఈడ మూత ఇప్పి నీళ్ళు పొయ్యాల, లేకుంటే ఇంజను కాగిపోతాది."

"ఏం నీళ్ళు?"

"మంచినీళ్ళు."

అమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపులో తప్పేమీ లేదు. మా ఊళ్ళో రెండు బావులుండేవి. మంచినీళ్ళ బావిలో ఎండాకాలం వస్తే ఊట గిన్నెతో తోడుకోవాల్సిందే. ఇంటికి రెండు బిందెలని పెద్దమనుషులు లెక్కపెట్టి ఇచ్చేవారు, ఆడవాళ్ళు తెల్లవారకముందే వరసలో నిలబడేవారు. రెండోది ఉప్పునీళ్ళ బావి. దాంట్లో నీళ్ళు ఎన్నైనా ఉంటాయి, నోట్లో పెట్టుకోవడమే కష్టం. స్నానాలకు, గిన్నెలు తోముకోవడానికి, ఎద్దులకు అవే.

"మనుషులకే గొంతు తడవదు. దీనికి మంచినీళ్ళా? ఎద్దులు ఉప్పునీళ్ళు తాగి రాయి మాదిరి ఉండాయి. ఇది ఎద్దు కంటే సుకుమారమా?" అంది అమ్మ.

నాకు ఆ మాట సబబుగానే తోచింది. ఇనుము ఎద్దు కంటే గట్టిదే కదా అనుకున్నాను. ఆ రోజునుంచి కారుకు ఉప్పునీళ్ళే.

ఎద్దుల గురించి ఒక మాట చెప్పాలి. వాటిని మేము కొనలేదు. ఒక కరువు ఏడు గడ్డి లేక పక్క ఊరివాళ్ళు రెండు కోడెదూడలను వదిలించుకుంటుంటే అమ్మ పోయి తోలుకొచ్చింది. ఆమె తాగాల్సిన జొన్నగంజిలో సగం వాటికి పోసింది. కాళ్ళు నిలబడని ఆ దూడలు మూడేళ్ళలో చూసినవాళ్ళు ఆగి చూసే జత అయ్యాయి. ఆమె వాటిని పెద్దోడా, చిన్నోడా అని పిలిచేది. నన్ను తిట్టినన్ని తిట్లు వాటిని ఎప్పుడూ తిట్టలేదు.

ఏరువాక పున్నమి వచ్చింది. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, దున్నే మడకకూ విత్తే గొర్రుకూ పసుపు కుంకుమ పెట్టాం. అమ్మ పళ్ళెం పట్టుకొని కారు దగ్గరికి వచ్చింది. పని చేసేదానికల్లా ఆ రోజు బొట్టు పెట్టాలి, అది ఆమె లెక్క.

"దీని నుదురు యాడుండాదిరా?"

నేను మూత పైకెత్తి ఇంజను చూపించాను. పైన హెడ్డు అనే పలకలాంటి ఇనుప బిళ్ళ, దాన్ని పట్టి ఉంచే బోల్టులు పద్దెనిమిది. అమ్మ ఒక్కొక్కదానికీ తడి పసుపు అద్ది, దాని మధ్యలో కుంకుమ పెట్టింది. ఒకటి చాలు లేమ్మా అంటే, ఒకదానికి పెట్టి ఒకదానికి మానేది ఏం న్యాయమని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళవాడు నవ్వగూడని చోట నవ్వితే ఏమవుతుందో కొద్ది రోజులకే తెలిసింది.

పది రోజులు తిరక్కముందే కారు కాగడం మొదలుపెట్టింది. రెండు మైళ్ళు పోయేసరికి ముందర మూతలోంచి ఆవిరి బుసబుసా వచ్చేది. ఆపి, చల్లార్చి, నీళ్ళు పోస్తే మళ్ళీ రెండు మైళ్ళు. చల్లగా ఉన్నప్పుడు బాగానే లాగేది, పొగ రాదు, చప్పుడు మారదు. ఎద్దుకు ఇలా అయితే నేను ఇట్టే పట్టేవాణ్ణి. ఊళ్ళో మాత్రం వైద్యులకు కొదవ లేదు. దిష్టి అని ఒకరు, వేడి చేసిందని ఒకరు, పెట్రోలులో మజ్జిగ కలిపి చూడమని ఒకరు. ఆ మూడో మనిషితో నేను ఆ ఏడంతా మాట్లాడలేదు.

రెండు మైళ్ళకొకసారి చల్లార్చుకుంటూ ఎనిమిది మైళ్ళు పోయి, అనంతపురంలో ఒక కార్ల మేస్త్రీ షెడ్డులో కారు నిలబెట్టాను. మేస్త్రీ ఖాకీ చొక్కా, చెవి వెనక పెన్సిలు, మంచి మాటకారి. ఇంజను తిప్పించి, స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకూ ఇంకో కొస తన చెవికీ ఆనించి, కళ్ళు మూసుకొని విన్నాడు. ఎంతసేపు విన్నాడంటే, నాకే ఒంట్లో బాగలేదేమోనని భయం పుట్టింది.

"ఇప్పి చూడాలన్నా. రెండు దినాలు ఈడ ఇడ్చిపో," అన్నాడు.

రెండు రోజులకు మళ్ళీ పోయాను. గుడ్డలో చుట్టి పెట్టిన ఒక పిస్టను తీసి నా చేతిలో పెట్టాడు. దానికి ఒక పక్క పగులుంది.

"హెడ్డు ఇప్పి చూసినానన్నా. లోపల నాలుగుకు నాలుగూ పోయిండాయి. ఇది ఒకటి నీకు చూపిద్దామని బయట పెట్టినా. హెడ్డు కూడా చీలిండాది. ఇంజను మొత్తం దింపాల, మద్రాసునుంచి సామాను తెప్పియ్యాల. ఇంకొకడైతే తొమ్మిదొందలు అడుగుతాడు. నువ్వు ఏడొందలియ్యి."

అక్కడ నేను చేయాల్సింది ఏమిటో ఇప్పుడు తెలుసు. మూత ఎత్తి చూడాల్సింది. నాలుగు పిస్టన్లలో ఒకటి నా చేతిలో ఉంటే ఇంజను ఎలా ఉందో చూడాల్సింది. కానీ ధర వినగానే నాలో సంత మనిషి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి మేస్త్రీ చేతి మీద కప్పాను. అతను ఒక్క క్షణం తెల్లబోయి, తరువాత సంగతి అర్థమై, సంతోషంగా చెయ్యి ఇచ్చాడు. అతను ఏడు పట్టాడు, నేను మూడు పట్టాను. అతను ఆరన్నాడు. నేను చెయ్యి విదిలించుకొని పోబోయాను, పిలిచాడు. అరగంట తరువాత ఐదు వేళ్ళకు తెగింది. తువ్వాలు నిండా నల్లటి గ్రీజు. రెండు వేళ్ళు మడిచాను గదా అని ఆ మసి తువ్వాలు భుజాన వేసుకొని, బస్సులో ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను.

ఐదు వందలు ఎక్కడివి. శెనక్కాయ దుడ్లు కారులోనే పోయాయి. ఇంట్లో ఉన్నది విత్తనం, దాన్ని ముట్టుకోకూడదు. మిగిలింది ఎద్దులే.

అమ్మకు చాలా తెలివిగా చెప్పాననుకున్నాను. కారు బాగైతే బాడుగలొస్తాయి, రెండు నెలల్లో ఇంతకంటే మంచి జత కొంటాను అన్నాను.

"ఈలోపల వాన పడితే?" అంది అమ్మ.

మా నేలలో సేద్యమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వాన పడితే నేలలో పదును మూడు రోజులుంటుంది. ఆ మూడు రోజుల్లో గొర్రు కట్టి విత్తనం వేసుకున్నవాడికి పంట, వేసుకోనివాడికి ఏడాదంతా చూస్తూ కూర్చోవడం. ఆ మూడు రోజులు ఎవరి ఎద్దులు వాళ్ళకే చాలవు, అన్నదమ్ములు కూడా ఒక పూటకు అడిగితే ఇవ్వరు. నాకు ఇదంతా తెలుసు. "ఇప్పట్లో పడదులేమ్మా," అన్నాను. ఆకాశం నేను చెప్పినట్టు వింటుందన్నట్టు చెప్పాను.

ఆమె లేచి పోయి ఎద్దులకు నీళ్ళు పెట్టి వచ్చింది. చివరికి, "నేనూ వస్తా సంతకు. ఎవని చేతికి పోతాయో చూడాల," అంది.

సంతలో బాగా కనపడాలని జతకు ఎర్ర కుచ్చులున్న కొత్త పలుపుతాళ్ళు కొనుక్కొచ్చాను. తెల్లవారుజామున అవే వాటి మెడలకు కట్టాను. బండికి కట్టి నడిపి చూపితే ఒక వేలు ఎక్కువ పలుకుతాయని బండి కూడా కట్టాను. అమ్మ బండిలో వెనక్కు తిరిగి కూర్చుంది, ఎద్దుల వైపు చూడలేదు.

అనంతపురం చేరగానే, దుడ్లు సాయంత్రానికి వస్తాయని మేస్త్రీకి చెప్పిపోదామని షెడ్డు ముందు బండి ఆపాను. అమ్మ కూడా దిగింది. ఎద్దులు అమ్మేది దేనికోసమో దాన్ని ఒకసారి చూస్తానంది. మేస్త్రీ మర్యాదగా మూత పైకెత్తాడు.

అమ్మ వంగి చూసింది. వంగినామె లేవలేదు. వేలు పెట్టి ఒక్కొక్క బోల్టునూ తాకుతూ పోతోంది, పెదాలు కదులుతున్నాయి.

"నాయనా, లోపల చూడాలంటే ఇవన్నీ ఇప్పాల్నా?" అని అడిగింది.

"అన్నీ ఇప్పాలమ్మా. ఒకటి ఉన్నా రాదు."

"ఇప్పినావా?"

"ఇప్పినా గదమ్మా. రెండు దినాలు పట్టింది. మళ్ళీ బిగిచ్చి పెట్టినా."

"అట్లనా. బిగిచ్చినాక ఈ బొట్లు కూడా నువ్వే పెట్టినావా?"

మేస్త్రీ వంగి చూశాడు. నేనూ వంగి చూశాను. పసుపు వేడికి మాడి గోధుమ రంగుకు తిరిగింది, కుంకుమ నల్లబడింది, వాటి మీద దుమ్ము పేరుకుంది. కానీ బోల్టు తలనుంచి కింది బిళ్ళ దాకా అంటుకున్న పసుపు ఎక్కడా పగల్లేదు. పద్దెనిమిదికి పద్దెనిమిదీ మా అమ్మ వేలి గుర్తుతోనే ఉన్నాయి.

"కుంకుమ యాడ తెచ్చినావు నాయనా? మా ఇంటి కుంకుమ మాదిరే ఉండాది," అంది అమ్మ. ఆమె గొంతు పెంచలేదు, అదే ఘోరం.

మేస్త్రీ చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. పక్కనుంచి చూసినానమ్మా అన్నాడు. ఏ పక్కనుంచి అని అమ్మ అడిగింది. పిస్టను ఎవరిదని అడిగితే, అది చాలా దినాలుగా ఈడే ఉండాదని నేలచూపులు చూస్తూ ఒప్పుకున్నాడు.

నాకు కోపం మేస్త్రీ మీద రావాలి. రాలేదు, సిగ్గొచ్చింది. అమ్మ నా వైపు తిరిగి భుజం మీది మసి తువ్వాలు చూసింది. ఉతికినా పోలేదది.

"ఏడు వేళ్ళు ఐదు చేసినానని వచ్చి చెప్పినావే. ఎద్దు ఉండాదో లేదో చూడకుండానే ధర దింపినావా?"

షెడ్డులో పని చేస్తున్నవాళ్ళు పని ఆపారు. నేను కారును తాడుతో బండి వెనక కట్టాను.

ఆ ఊరేగింపు చూసినవాళ్ళు అనంతపురంలో ఇంకా ఉన్నారు. ముందు పెద్దోడూ చిన్నోడూ, బండి మీద పగ్గాలు పట్టుకొని మా అమ్మ, ఆ వెనక కారు, కారులో స్టీరింగు పట్టుకొని నేను. బజారు మధ్యకు వచ్చేసరికి జనం అడ్డం నిలబడ్డారు. అమ్మ వెనక్కు తిరక్కుండానే, "ఆరను కొట్టరా, దావ ఇయ్యరు," అంది. కొట్టాను. కారు కొన్నప్పటినుంచి ఆ బజారులో హారను కొట్టాలని నాకు ఎంత ఆశగా ఉండేదో దేవుడికే తెలుసు.

ఇంటికి చేరాక అమ్మ ఎద్దులకు చొప్ప వేసి, కారు ముందర మూత ఇప్పమంది. నీళ్ళు పోసే చోట వేలు పెట్టి, లోపల గోకి, వేలు బయటికి తీసి చూసుకుంది. తెల్లగా, గరుకుగా, సున్నం పెచ్చులాంటిది అంటుకుంది. ఆమె పెరట్లోకి పోయి, మేము స్నానానికి నీళ్ళు కాచే రాగి అండా దొర్లించుకొచ్చింది. లోపల చూడమంది. అదే తెలుపు, అదే పెచ్చు. ఉప్పునీళ్ళు కాగి కాగి అండాకు పట్టే ఆ పెచ్చును అమ్మ నెలకోసారి చింతపండు నానబెట్టి వదిలిస్తుంది, లేకుంటే ఎన్ని కట్టెలు పెట్టినా నీళ్ళు సరిగా కాగవు.

"దీని గొంతులో కూడా ఇదే అడ్డం పడిండాది. నీళ్ళు తిరగకుంటే కాగక ఏం జేస్తాది?" అంది. వేలు చీరకు తుడుచుకొని, "ఉప్పునీళ్ళు పొయ్యమన్నది నేనే గదా," అని తనే అంది. మా అమ్మ తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే, అది కూడా కారు ముందు.

రెండు వీశెల పాత చింతపండు నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి పోశాం. ఇంజను కొంచెంసేపు తిప్పి, మరుసటి రోజుదాకా అలాగే ఉంచి, కింది బిరడా తీశాను. ఎర్రటి బురద, దాంట్లో తెల్లటి పెంకులు గుప్పెళ్ళకొద్దీ పడ్డాయి. ఇంకా రెండుసార్లు అలాగే చేశాం. నాలుగో రోజు అమ్మ తన వంతు మంచినీళ్ళ బిందె తెచ్చి కారులో వంచింది. నేను వద్దన్నాను. ఒక పూట ఉప్పునీళ్ళు తాగితే చావనులే అంది. ఆ బిందెడు నీళ్ళతో ఐదు మైళ్ళు పోయి ఐదు మైళ్ళు వచ్చాను, ఆవిరి చుక్క రాలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం వాన పడింది.

ఇప్పట్లో పడదని నేను చెప్పిన వాన. అమ్మ చూరు కింద ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పెట్టింది, ఇవి మనకు, ఇవి ఎద్దులకు, ఇది దానికి అని కారుకొక కడవ కేటాయించింది. మూడు రోజులు ఒళ్ళు మరిచి విత్తనం వేశాం. నేను గొర్రు పట్టాను, అమ్మ వెనక నడుస్తూ గింజలు వదిలింది. పెద్దోడూ చిన్నోడూ చెప్పకుండానే సాలు తిరిగాయి. రెండో రోజు, గట్టున కూర్చొని సంగటి తింటున్నప్పుడు నాకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఆ జత ఆ సమయానికి ఎవరి చేనులో ఉండేదో, నేను ఈ తడి నేల ముందు ఏం చేస్తూ నిలబడేవాణ్ణో అనిపించింది. అమ్మ చూసి, ఇంకొక ముద్ద పెట్టింది.

మొలకలు వచ్చాక ఒక రోజు మేస్త్రీ బస్సు దిగి మా ఇంటికొచ్చాడు. నేను తువ్వాలు సర్దుకున్నాను. అతను నా వైపు చూడకుండా నేరుగా అమ్మ దగ్గరికి పోయి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"అమ్మా, మీ కారు మాదిరే కాగిపోయేవి ఇంకా రెండు వచ్చిండాయి షెడ్డుకు. యాడనో ఒక ముసలామె ఏదో పోసి నయం చేసిందని డ్రైవర్లు చెప్పుకుంటాండారు. మీరేననుకున్నా. ఏం పోసినారో చెప్తే దుడ్లిస్తా."

"దుడ్లు వద్దు, చెప్తా," అంది అమ్మ. "ముందు ఆ కొట్టంలోకి పో. నీ మాటకు సంతకు బయల్దేరినవి ఆడుండాయి. వాటి మొకం చూసిరా."

మేస్త్రీ కొట్టం వైపు నడిచాడు. నేను అరుగు మీద స్తంభానికి ఆనుకొని, దొంగకు తగిన శాస్తి అని చూస్తూ నిలబడ్డాను.

"నువ్వెందుకు ఈడ నిలబడినావు?" అంది అమ్మ నాతో. "నువ్వూ పో."

పోయాను. ఇద్దరం ఎద్దుల ముందు పక్కపక్కన నిలబడ్డాం. పెద్దోడు మేస్త్రీ చొక్కా చెయ్యి మీద చెమట ఉప్పు నాకుతున్నాడు. చిన్నోడు గోకమని మెడ చాపి నా ముందు పెట్టాడు. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని కాబోలు, మేస్త్రీ వాటి మెడలకేసి చూసి, "తాళ్ళు బాగుండాయన్నా, కొత్తవి మాదిరుండాయి. ఎప్పుడు తెచ్చినావు?" అని అడిగాడు.

నేను, సంతకని కట్టిన ఆ ఎర్ర కుచ్చుల తాడు పక్కకు జరిపి చిన్నోడి మెడ గోకుతూ ఉండిపోయాను.